నాన్నగారి నెత్తికి రంధ్రం

జింకు పూత ఫ్యాక్టరీ. కరిగిన జింకు తొట్టి మీద, క్రేను కొక్కేనికి తలకిందులుగా వేలాడుతున్న ఇనుప విగ్రహం. దాని కింద ఫ్యాక్టరీ పెట్టిన మనిషి కొడుకూ, మొదట్నుంచీ అక్కడే పనిచేస్తున్న మేస్త్రీ.

"నెత్తికి ఒకటి, అరికాళ్ళకు చెరొకటి. మొత్తం మూడు రంధ్రాలు. వద్దంటే చెప్పు, దించేస్తాను."

"నాన్నగారి నెత్తికి రంధ్రమేంటి బాబాయ్? వినడానికైనా బాగుందా?"

"పేలితే ఇంకా బాగోదు."

"ఎందుకు పేలుతుంది? విగ్రహమేగా, బాంబు కాదుగా."

"లోపలంతా డొల్ల. అన్ని వైపులా అతికేశారు. యాసిడ్‌లో కడిగినప్పుడు ఏ సందులోంచో నాలుగు చుక్కలు దూరి ఉంటాయి. జింకేమో నాలుగొందల యాభై డిగ్రీలు. ఆవిరికి దారి లేకపోతే మీ నాన్నగారు కప్పు చీల్చుకుని పైకి పోతారు. రెండోసారి."

"కాస్త మర్యాద, బాబాయ్."

"మర్యాదగానే చెబుతున్నా. పోతారు అన్నాను, పోతాడు అన్లేదు."

"సరే, అరికాళ్ళకు పెట్టు. అవి దిమ్మెలోకి పోతాయి, ఎవరికీ కనపడవు. నెత్తి వదిలెయ్."

"గాలి కాళ్ళలోంచి బయటికి పోతుంది, బాగానే ఉంది. జింకు లోపలికి ఎట్నుంచి వెళ్ళాలి? నోట్లోంచా? నోరు కూడా మూసేశారు. ఆయన బతికుండగా ఎవరివల్లా కాలేదు ఆ పని."

"కాళ్ళు కిందికి పెట్టి నిలువుగా ముంచితే?"

"గాలి నెత్తిలో ఇరుక్కుంటుంది. బెండులా తేలతారు. నలుగురం గెడలు పట్టుకుని మీ నాన్నగారిని లోపలికి తొక్కాలి. తొక్కమంటావా?"

"మరి మీసాలు? చంకలు? అలాంటి సందుల్లో జింకు గడ్డకడుతుందని నువ్వేగా అన్నావు."

"అది నాకొదిలెయ్. ఏటవాలుగా ముంచి, మెల్లగా పైకి తీస్తూ తిప్పుతా. చివర్లో రెండు కుదుపులు. ఈ నెలంతా ఆ వంకర బ్రాకెట్లు అలాగే తీశాను. అంతకుముందు బండెడు తిరిగొచ్చేవి. ఈ నెల ఎన్నొచ్చాయి?"

"రెండు."

"ఆ రెండూ నువ్వు దగ్గరుండి ముంచినవి."

"సరే, సరే. తిప్పడానికి ఒప్పుకున్నా. రంధ్రం మాత్రం కుదరదు. ఎల్లుండి అంతమంది ముందు ముసుగు తీస్తే, నెత్తి మీద తూటు కనపడితే, ఏమనుకుంటారు?"

"తర్వాత పూడుస్తాలే."

"పూడ్చినా మచ్చ పడుతుంది. అసలు పేలడం నువ్వెప్పుడైనా కళ్ళారా చూశావా?"

"చూశా."

"ఎక్కడ?"

"ఇక్కడే. నువ్వు బడికి వెళ్ళనని ఏడ్చే రోజుల్లో."

"నాకెవరూ చెప్పలేదే. ఎవరు ముంచారు?"

"నేనే."

"మూసిన ముక్క అని తెలిసీనా?"

"కాస్త పక్కకి జరుగు, గొలుసు చూడాలి."

"మాట తప్పించకు బాబాయ్. ఎవరు ముంచమన్నారు?"

"అదిగో, మీ అమ్మ వస్తోంది. రండి వదినగారూ. అక్కడే ఆగండి, సెగ."

"ఆయన్నేంటి, తలకిందులుగా వేలాడదీశారు? పోన్లే. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను చేద్దామనుకున్న పనే."

"అమ్మా, నువ్వైనా చెప్పు. నాన్న నెత్తికి రంధ్రం పెడతాడట. లేకపోతే పేలుతుందట. ఇదివరకు ఒకసారి పేలిందట. ఎవరు ముంచమన్నారంటే మాత్రం చెప్పడు."

"చెప్పడు. మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడు."

"నాన్నా?"

"మూసిన గొట్టంరా అది. రంధ్రం పెడదామని మీ బాబాయ్ మొత్తుకున్నాడు. ఆలస్యమవుతోంది, ముంచెయ్, నేను పక్కనే నిలబడతా అన్నాడు మీ నాన్న. నిలబడ్డాడు."

"వదినగారూ, ఇప్పుడెందుకు అవన్నీ."

"ఒట్టు నువ్వేశావు, నేను వెయ్యలేదు. ఒరేయ్, మీ నాన్న ఎడమ చెవి మీద జుట్టు బారెడు పెంచి, నెత్తి మీదుగా కుడివైపుకి దువ్వుకునేవాడు, గుర్తుందా?"

"బట్టతల కదా, కప్పుకునేవాడు."

"బట్టతల కాదు. కోడిగుడ్డంత కాలిన మచ్చ. తమ్ముడూ, నడినెత్తికి కొంచెం కుడిపక్కన. రంధ్రం అక్కడే పెట్టు. ఈ విగ్రహంలో ఆయన పోలిక తప్పింది అక్కడొక్కచోటే."