అన్నానికి ఆరు మాలలు

"ఆరు మాలలే తిప్పినాను అప్పలలక్ష్మీ. పెళ్లైన కాడ్నించి నా అన్నానికి ఆరు మాలల నారాయణే. ఒక్క పూస ఎక్కువ లేదు."

"మరి ఇదేటత్తా, అన్నమా, గోడకంటించే జిగురా?" కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లోని ఆ ఇరుకు వంటింట్లో అప్పలలక్ష్మి గరిటె బోర్లించి చూపించింది. అన్నం కింద పడలేదు.

"బియ్యం మారిందేమో."

"బియ్యం కాదు, నువ్వు మారినావు. పక్కింటి నసీమా చాచీ నేర్పింది కదా, ఒక్కో పేరుకీ ఒక్కో ఊపిరని."

"ఆవిడ తస్బీ పూసలు తిప్పుతాది, నాను తులసిమాల తిప్పుతాను. మెట్ల మీద పక్కపక్కన కూకుంటే ఎంత నిమ్మళంగుంటాదనుకున్నావు? బీపీ దిగిందని డాక్టరుబాబే అన్నాడు."

"ఇదివరకు నీ నారాయణ లోకల్ ట్రైనులా పోయేది. పావుగంటకి అన్నం దిగిపోయేది. ఇప్పుడు ఆరు మాలలకి ముప్పావుగంట."

అత్త గరిటెకంటుకున్న అన్నాన్ని వేలితో గిల్లి చూసింది.

"అయితే అందుకే కాబోలు, నిన్న నసీమా పప్పు మాడిపోనాది. ఆవిడా అల్లా పేర్లు లెక్కెట్టే పప్పు దించుతాది."

అత్తాకోడళ్లిద్దరూ కొంగులు నోటికడ్డం పెట్టుకుని, పొయ్యిగట్టు పట్టుకుని మరీ నవ్వారు. కళ్లు తుడుచుకున్నాక అత్త గొంతు తగ్గింది.

"మళ్లీ గబగబా అనేయమంటావేటి?"

అప్పలలక్ష్మికి పోయిన దుర్గాపూజల్లో అత్తకి బీపీ పెరిగితే ఆసుపత్రి వరండాలో కూర్చున్న మూడు రోజులూ గుర్తొచ్చాయి.

అందరూ భోజనాలకి కూర్చున్నాక, కంచంలోకి అనుమానంగా చూస్తున్న మొగుడికి ముద్ద వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"రేపట్నించి అన్నం ఈయన వండుతారు, గడియారం చూసుకుని. అత్త నారాయణ నెమ్మదిగానే నడుస్తాది."