ఇత్తడి బిళ్ళ కోసం నాంచారమ్మ చదివిన కట్ట

నాంచారమ్మని ఒకామె ఉండేదంట. పల్లపోళ్ళ ఇంటి ఆడకూతురు, వడ్డెర మేస్త్రమ్మ. మొగుడు బతికున్నన్నాళ్ళు ఆయన మేస్త్రి, ఆయన పోయినాక ఈమె మేస్త్రి. నలభై మంది గుంపు. బావులు తవ్వేది, కట్టలు పోసేది, రాయి కొట్టేది. యాడ పని దొరికితే ఆడ గుడిసెలు లేస్తాయి, పనైపోతే ఆ గుడిసెలే గాడిదల మీదకెక్కుతాయి. ఆ నలభై మందీ ఒక్క మాట మీద ఉండేవాళ్ళంట, ఆ మాట ఎవరిదంటే నాంచారమ్మది. ఇక్కడ తవ్వండ్రా అంటే తవ్వుతారు, ఆపండ్రా అంటే ఆపుతారు. మరిది ఎల్లమంద ఉన్నాడే, వాణ్ణి ఆమే పెంచింది. ఆమె కాపరానికొచ్చినప్పుడు వాడికి అయిదేళ్ళు, ఇప్పుడు ఆరుగురి పని ఒక్కడే చేస్తాడు, వాడు కూడా వదిన చెప్పందే గడ్డపార ముట్టడు. గుంపు చెదిరిపోకుండా చూసుకోవే అని మొగుడు పోయేటప్పుడు చెప్పిపోయాడంట. ఇంక ఆమెకి బతుకులో ఉన్న పని అదొక్కటే అనుకో.

ఆ సీమకంతా ఒక దొర. గుండ్లసీమ దొర అనేవాళ్ళు. ఆయనకి పనులు మొదలుపెట్టే సరదా ఎక్కువ, తెమిలిన పని మాత్రం ఒక్కటీ లేదు. కోటగోడ మూడు పక్కలే లేచింది, నాలుగో పక్క నుంచి మేకలు పోయొస్తా ఉంటాయి. కాలవ తవ్వమంటే రెండు గుంపులు రెండు కొసల నుంచి తవ్వుకుంటా వొచ్చి, మధ్యలో కలవకుండా ఒకళ్ళ పక్కన ఒకళ్ళు దాటిపోయారంట. నవ్వొద్దు, జరిగిందే చెప్తన్నా. దొర తల పట్టుకున్నాడు. దివాన్ని పిలిచి, ఏందయ్యా ఇది, తవ్వేవాళ్ళకి తవ్వటం వొచ్చు, కొట్టేవాళ్ళకి కొట్టటం వొచ్చు, మరి పనెందుకు తెమలదు అన్నాడు. దివాను చెప్పాడంట, పని చెయ్యటం వేరు దొరా, చేయించటం వేరు, చేయించేవాళ్ళకి ఒక పరీక్ష పెడదాం, నెగ్గినవాడి మెళ్ళో ఇత్తడి బిళ్ళ వేద్దాం, బిళ్ళ ఉన్నవాడే మేస్త్రి, లేనివాడి గుంపుని తీసుకెళ్ళి ఉన్నవాడి కింద పడేద్దాం. దొరకి నచ్చింది. ఊరూరా దండోరా వేయించాడు.

మొదటేడు పరీక్షకి పాతికమంది పోతే నెగ్గింది ఒకేఒక్కడు, శేషాద్రి అని, దొర కచేరీలో గుమాస్తా. వాడు పుట్టి బుద్ధెరిగి మట్టి తట్ట ఎత్తినోడు కాదు. బిళ్ళ పడేసరికి రెండు గుంపులు వాడి కిందకొచ్చినాయి. ఏం చేశాడంటే, మొగోళ్ళనంతా ఏరి రాతిగనికి తోలాడు, ఆడోళ్ళనంతా ఇటికల బట్టీకి తోలాడు. మొగుడొక దిక్కు, పెళ్ళామొక దిక్కు. నాంచారమ్మ సంతకి పోయినప్పుడు ఆ గుంపు ఆడమనిషి ఒకత్తె కనపడి, అక్కా, మా ఆయన మొహం చూసి మూడు నెలలైంది అని చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవను కూడా లేదంట. నాంచారమ్మకి ఆ పూట కూడు సయించలా. మాఘమాసంలో మళ్ళీ పరీక్ష, ఇంక నాలుగు నెలలుంది. నెగ్గకపోతే తన నలభై మందికీ అదే గతి.

సరే, చదవాల. ఏం చదవాల? ఆ ఏడు సంతలో ఉల్లిపాయల కన్నా తాటాకు కట్టలు ఎక్కువొచ్చినాయంట. కట్టలమ్మే తమ్మిశెట్టి అని ఒకడు గుడారమేసి కూర్చున్నాడు. ఇదిగో అమ్మా, ఇది మహాగ్రంథం, మూడొందల ఆకులు, ఇందులో లేంది లోకంలో లేదు. ఇదిగో, ఇది సారం, పన్నెండే ఆకులు, పొద్దున మొదలుపెడితే అన్నానికి లేవొచ్చు. ఇది చూడు, ఇది సాక్షాత్తూ శేషాద్రిగారి చేతిలో ఉండిన ప్రశ్నల కట్ట, ఆయన ఇదే చదివి నెగ్గాడు, ఇంకేం కావాలి నీకు అన్నాడు. జనం ఆ శేషాద్రి కట్ట కోసం తోసుకుంటన్నారు. మూడూ కొన్న మహానుభావులు కూడా ఉన్నారు, కొని ఏం చేశారంటే తలకింద పెట్టుకుని పడుకున్నారు. నాంచారమ్మ ఏమీ కొనలా. ఆమెకి అక్షరం రాదు కదా, ఎవరో ఒకరు చదివి వినిపించాల. వీధిబడి అవధానయ్య దగ్గరికి పోయింది. అయ్యవారూ, మీ పెరటి బావి ఎండిపోయింది కదా, నేను లోతు చేయించి పెడతా, మీరు నాకు కట్ట చదివి పెట్టండి అంది. ఆయన సరేనని, కాకపోతే నాంచారీ, నా కళ్ళకి ఒక్క కట్టే ఓపిక, రెండోది నావల్ల కాదు, అదేదో చూసుకుని పట్రా అన్నాడు.

ఒక్కటే. తప్పు కట్ట తెచ్చిందా, ఇంకంతే. ఇప్పుడు నాంచారమ్మ ఏం చేసిందో వినండి. వెనకాలోళ్ళు మాటలాపండి, ఇదే కథంతా. వడ్డెరోళ్ళకి ఒక పద్ధతి ఉంది. కొత్త ఊళ్ళో బావి తవ్వాలంటే నీళ్ళు పడ్డ బావి దగ్గరికి పోరు. ఎండు గుంటలు యాడున్నాయో అడిగి అక్కడికి పోతారు. ఎంత లోతు పోయారయ్యా, మొరం ఎంతవరకు, సుద్ద ఎంతవరకు, బండ యాడ తగిలింది, ఎందుకాపారు అని కూర్చోబెట్టి అడుగుతారు. నీళ్ళు పడ్డాయన నా చెయ్యి మంచిది అంటాడు, అంతకుమించి ఏమీ చెప్పడు. ఆమె కూడా అదే చేసింది. శేషాద్రి ఇంటికి పోలా. పరీక్ష తప్పినోళ్ళ ఇళ్ళకి పోయింది, ఒకటి కాదు, పద్నాలుగు ఊళ్ళు తిరిగింది. కొందరు మొహం చాటేశారు, ఒకాయనైతే నేను అసలు పరీక్షకే పోలేదన్నాడంట, పోయాడని ఊరంతా ఎరుగును. గురవయ్య అనే రాళ్ళపనాయన మాత్రం కూర్చోబెట్టి మజ్జిగిచ్చి చెప్పాడు. ఏం చెప్పమంటావమ్మా, ఆ ప్రశ్నల కట్ట అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తా ఇప్పటికీ, అందులోది ఒక్కటి అడిగితే ఒట్టు. మహాగ్రంథం చదివినాయన చెప్పాడు, అది దొర తాతగారి కాలంలో రాసిందమ్మా, ఏనుగులతో రాళ్ళు లాగించటమెట్టాగో నూరాకులుంది, నాకు ఏనుగులేవీ. సారం చదివినాయనకి ఏం చదివాడో గుర్తులేదు. అందరినీ ఆమె ఒకటే అడిగింది, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావన్నా అని. అందరూ ఒకటే చెప్పారు. పని మధ్యలో ఏదో వొచ్చి పడిందంటారు, ముందు ఏం చేస్తావు అని అడుగుతారు, మేం చేసేది చెప్తే తప్పంటారు.

తిరిగి తిరిగి వొస్తంటే దారిలో దండోరా పోలయ్య ఎదురొచ్చాడు, డప్పు భుజానేసుకుని. మావా, ఆ పరీక్ష దండోరా నువ్వేసిందే కదా, ఏం చాటావో మొత్తం చెప్పు అంది. పోలయ్య డప్పు దించి చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడంట. ముప్పై ఊళ్ళలో చాటానమ్మాయ్, పరీక్షంటనే మాట వినగానే జనం లేచి తమ్మిశెట్టి గుడారానికి పరిగెత్తారు, కడదాకా విన్న పుణ్యాత్ముడు ఒక్కడు లేడు, నువ్వు విను అని మొత్తం చెప్పాడు. అందులో ఏముందంటే, ఏమేం అడుగుతారో అంతా ఉంది. ప్రశ్నల్లో పనివాళ్ళతో మెలిగే తీరు ఇంత, పని వరస ఇంత, ఆ పని ఎవరికి ఎందుకు ఉపయోగమో తెలుసుకోవటం ఇంత, పాత పద్ధతులు తీసేశాం, కొత్తవి చేర్చాం, అని దివాను పూసగుచ్చినట్టు చెప్పించాడు. నాంచారమ్మ మూడుసార్లు చెప్పించుకుని మనసులో పెట్టేసుకుంది. చదువు రానోళ్ళకి ఆ గుణముంటుంది, విన్నది పోదు.

మర్నాడు అవధానయ్యని వెంటబెట్టుకుని సంతకి పోయింది. అయ్యవారూ, నేనొక్కో మాట చెప్తా, అది ఈ కట్టలో ఉందా లేదా చూసి చెప్పండి అంది. మహాగ్రంథంలో పనివాళ్ళ మాటే లేదు. శేషాద్రి కట్టలో జవాబులున్నాయి, అవి ఎందుకు ఒప్పో లేదు. సారంలో ఏదీ లేదు. తమ్మిశెట్టికి విసుగొచ్చి, కొనేదుంటే కొను, లేకపోతే పక్కకి జరగమ్మా అన్నాడు. అప్పుడు అవధానయ్య గుడారం మూలన దుమ్ము కొట్టుకుని పడున్న కట్ట ఒకటి తీసి చూశాడు. ప్రతి ఆకు మీదా ఒక సంగతి, కింద నాలుగు జవాబులు, ఒప్పయింది ఎందుకొప్పో, తక్కిన మూడూ ఎందుకు తప్పో విడివిడిగా రాసుంది. నాంచారమ్మ ఒక్కో మాటా చెప్పింది, ఆయన ఒక్కోటీ ఉంది ఉంది అన్నాడు. ఇదెందుకయ్యా మూలన పడేశావు అంటే తమ్మిశెట్టి, తప్పులు చదవటానికి ఎవరొస్తారు పంతులుగారూ, అందరికీ ఒప్పులే కావాలి అన్నాడంట. ఆమె అదే తీసుకుంది.

ఇంక చదువు. గుంపు మధ్యాన్నం కూటికి ఆగినప్పుడు బావి గట్టు మీద కూర్చుని ఆయన చదవటం, ఈమె చెప్పటం. తవ్వేచోట బండ తగిలింది, ముందు ఏం చేస్తావు? సమ్మెట తీస్తా. తప్పు నాంచారీ. పనోడు ఒకడు అలిగి కూర్చున్నాడు, ముందు ఏం చేస్తావు? వాడి పార నేను తీసుకుంటా. తప్పు. వాన ముంచుకొస్తంది, ముందు ఏం చేస్తావు? అందరినీ లేపి తవ్విస్తా. అదీ తప్పే. ఆమెకి రోషమొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా చేస్తన్నదంతా తప్పెట్టా అయ్యిద్ది అయ్యవారూ, అన్ని బావుల్లో నీళ్ళు పడలా? పడినాయి, అయినా ఈ కట్టలో తప్పనే ఉంది. మరి ఒప్పేంది? చాలావాటికి ఒకటే ఒప్పు నాంచారీ, ముందు అడుగు. బండ తగిలితే పని చెప్పినాయన్ని అడుగు, అలిగితే అలిగినోణ్ణి అడుగు, వానొస్తే తడిసేవాళ్ళని అడుగు. అడుగుతా కూర్చుంటే పని ఆగిపోదా? ఆగుద్ది, ఆగినా అడగమనే రాశాడు. సరేలే, పరీక్షకి అట్టాగే చెప్తా, పని కాడ మాత్రం నా పద్ధతి నాదే అనుకుంది నాంచారమ్మ. ప్రశ్న వినగానే చేతులు ముందుకు పోతా ఉంటే, కొంగు మెలేసి పట్టుకుని కూర్చునేదంట. రెండు నెలలకి ఆ చేతులు ఆగటం నేర్చినాయి.

పరీక్ష రోజు వొచ్చింది. ఒక్కొక్కళ్ళ ముందర నాలుగు ముంతలు పెట్టారు, చేతికి చింతపిక్కలిచ్చారు. దివాను సంగతి చెప్పి నాలుగు జవాబులు చదువుతాడు, ఏది ఒప్పనుకుంటే ఆ ముంతలో పిక్క వెయ్యాల. పక్కన శేషాద్రి కట్ట బట్టీపట్టినోళ్ళు మొదటి ప్రశ్నకే దిక్కులు చూశారు, ఇది మాకు రాలేదే అని. నాంచారమ్మ తాపీగా వేసింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ముప్పై ప్రశ్నలైపోయినాయి, ఆమెకి ఇరవయ్యారు ఒప్పు. దొర స్వయంగా బిళ్ళ మెళ్ళో వేశాడు. గుంపు గుంపంతా డప్పులతో ఎదురొచ్చింది. ఎల్లమంద ఆమెని భుజాలమీదకెత్తుకున్నాడంట, సిగ్గులేదురా దించరా అంటా నవ్వింది.

కథ ఇక్కడ ఆపితే మీరు హాయిగా ఇళ్ళకి పోతారు. కానీ అయిపోలా. దొర ఆమెకిచ్చిన మొదటి పని ఏందంటే ఆ కలవని కాలవని కలపటం. దానికి పాతికమంది చాలు, పాతికమందికే కూలి గింజలిస్తానన్నాడు, తక్కిన పదిహేనుమంది సంగతి నీ ఇష్టం, బిళ్ళ నీది కదా అన్నాడు. మామూలుగా అయితే ఆమె గుడిసెల మధ్యలో నిలబడి, ఉన్న గంజి అందరం పంచుకు తాగుదాం, పదండి అనేది, కదిలేవాళ్ళు. కానీ నెలల తరబడి ఆ కట్ట చెవిలో పోసుకుంది కదా. ముందు అడుగు. అడిగితే మాత్రం ఏం పోయింది, అందరూ నీతోనే ఉంటామంటారు, అది నా చెవులతో వింటా అనుకుంది. ఆ ధైర్యంతోనే అడిగింది. పాతికమందికే పనుంది, మీ మనసులో ఏముందో చెప్పండి, ఎవరేం చెప్పినా కోప్పడను అంది.

అడిగే అలవాటుంటే కదా పలికే అలవాటుండేది. ఆఖరికి ఎల్లమంద లేచాడు. వదినా, అడిగావు కాబట్టి చెప్తన్నా. నాకు బావుల్లోకి దిగటమంటే భయం. దిగిన ప్రతిసారీ పైన ఆకాశం బిళ్ళంత అయ్యేసరికి గుండె ఆగిపోయినట్టు ఉంటది. యాడన్నా ఒకచోట కాస్త చేను కౌలుకి చేసుకుని మిరప వేసుకుంటా నేనూ మా ఆడదీ. ఇన్నేళ్ళూ చెప్పలేదేందిరా అంది నాంచారమ్మ. నువ్వెప్పుడూ అడగలేదు వదినా అన్నాడు. వాడి తరవాత ఇంకొకడు లేచాడు, వాడి తరవాత ఇంకొకత్తె. ఒకామెకి పుట్టింటికి పోవాలని పదేళ్ళుగా ఉందంట. లెక్కజూస్తే పదిహేను కాదు, పదిహేడు మంది పోతామన్నారు. ఏ శేషాద్రీ చెదరగొట్టలా. ఆమె ఏడ్చింది. దాచుకోకుండా అందరి ముందరే ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, పో నాయనా, మిరప వేసుకో, నీళ్ళు కావాలంటే కబురు చెయ్యి, బావి మేమొచ్చి తవ్వుతాం, నువ్వు మాత్రం దిగొద్దు అంది.

మిగిలింది ఇరవైముగ్గురు. కాలవ మాత్రం కలిసింది, నీళ్ళు పారినాయి. పాతికకి ఇద్దరు తక్కువైనా, ఉన్నోళ్ళు తమంతట తాము ఉన్నోళ్ళు కాబట్టి పని నడిచిందని కొందరంటారు. చదువెందుకు చదివింది, గుంపు ఉండాలని కదా, ఆ చదువే గుంపుని చెదరగొట్టింది, ఆ కట్ట పొయ్యిలో పెట్టాల్సింది అని కొందరంటారు. నన్నడిగితే నేనేం చెప్తాను. నాకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఈ పొద్దుకీ అందరూ ఒక్క పొయ్యి మీదే తింటన్నారు. ఇష్టపడి తింటన్నారో, నా నోటికి జడిసి తింటన్నారో నాకు తెలవదు. నేను అడగలా. అడగను కూడా.