పెట్టెలో బొంత

“ఇలా దగ్గరికొచ్చి కూర్చోవే, ఓ సంగతి చెబుతాను. ఈ బొంత నీ కడుపులో బిడ్డ కోసమే దాచాను.”

అమ్మమ్మ ట్రంకుపెట్టె మూత ఎత్తింది. ఏడో నెల గర్భంతో ఉన్న మనవరాలు ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏంటమ్మమ్మా ఆ వాసన?”

“మీ తాతయ్య వాసనే. ఇంటింటికీ దోమల మందు కొట్టే ఉద్యోగం కదా. ఆయన పాత చొక్కాలతోనే కుట్టాను. చిమటలు పట్టకుండా ఏటా మడతల్లో ఆయన తెచ్చిపెట్టిన ఆ మందు పొడే చల్లాను. నలభై ఏళ్లయినా ఒక్క చిల్లు లేదు చూడు.”

“పురుగే ముట్టని దాన్ని పసిగుడ్డుకి కప్పుతావా? ఆ మందు ఎప్పుడో ఆపేశారు. ఏళ్లు గడిచినా పోదట, ఒంట్లో చేరి తల్లిపాలలోకీ వస్తుందట.”

అమ్మమ్మ చెయ్యి బొంత మీదే ఉండిపోయింది.

“ఆయన చొక్కాలూ మీ అమ్మ పొత్తిగుడ్డలూ ఒకే తొట్టిలో ఉతికేదాన్నే.”

“అప్పట్లో అది ప్రమాదమని నీకెవరు చెప్పారు గనక?”

“మీ తాతయ్య చెప్పేవాడు, నోట్లోకి పోకూడదని. మనం తినట్లేదు కదా అనుకున్నాను. ఇదిగో, ఈ నీలం జేబు చూశావా? సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే మీ అమ్మ ఇందులో చెయ్యి పెట్టేది. రోజూ ఒక చక్కెర బిళ్ల ఉండేది, కాగితం చుట్టని ఒట్టి బిళ్ల. అలాగే నోట్లో వేసుకునేది.”

అమ్మమ్మే మూత దించింది.

“బొంత వద్దులే. బిడ్డకి ఆ జేబు సంగతి చెప్పు. తాతయ్య ఎంత మురిసిపోయేవాడో చెప్పు. తొట్టి సంగతీ చెప్పాలి సుమా, నా మీద జాలిపడి దాచకు.”