సగం గంప

దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న పల్లెలో, యశోద నిచ్చెనెక్కి పొయ్యి మీది అటక నుంచి పాత గంప ఒకటి దించింది. హైదరాబాదు హోటల్లో అతిథులకు పాత వైన్లు వడ్డించే ఉద్యోగం ఆమెది. పొగకు నల్లబడ్డ ఆ గంపలో ఎండిన ఇప్పపూలు సగానికే ఉన్నాయి.

“ఇది ఏ ఏడాది పువ్వు, అమ్మమ్మా?”

“ఏడాదితోని నీకేం పనే?”

“మా హోటల్ల సీసా మీద ఏడాది చూసినంకనే తాగుతరు. మనోళ్లు సారా దాయరు, పువ్వునే దాస్తరని చెప్తే మా సారు నోరు తెరిచిండు. అన్నిటికన్న పాతది తెమ్మన్నడు.”

“ఆ ద్రాక్షపండ్లు ఎవరు తెంపిండ్రో సీసా మీద రాస్తరా?”

“రాయరు.”

“మరేం తెలిసి తాగుతరు?”

“గది సరే గానీ, ఇందుల సగం పువ్వు ఎవరు సారా కాసుకున్నరు?”

“ఎవరూ ముట్టలే. మీ తాత ఏరిందే గంత.”

“తాత ఎన్నడన్న సగం గంపతోని ఇంటికొచ్చిండా?”

“ఒక్కనాడు వచ్చిండు. పొద్దుగాల చెట్టుకింద ఏరుతుంటే, మనుమరాలు పుట్టిందని కబురు పోయింది. గంప నిండేదాక ఆగలే. ఉరికొచ్చి, పూల జిగట కడుక్కోకుండనే నిన్ను ఎత్తుకున్నడు.”

యశోద గంపలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

“మీ సారుకు ఎంత కావాల్నో తీస్కపో బిడ్డా.”

“అంత పాతది దొరకలేదని చెప్త. జర నిచ్చెన పట్టుకో అమ్మమ్మా.”