పులిసిన రీలు

కోడలు రెండు రీలు డబ్బాలు తెచ్చి మామగారి ముందు బల్ల మీద పెట్టింది. ఆయన ముప్ఫై ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేసిన మనిషి; పాత ప్రొజెక్టరు మిషను ఒకటి ఇంట్లోనే ఉంది. ఆమె పాత రీళ్ళు కూడబెట్టడం మొదలుపెట్టి మూడు నెలలైంది.

"మామయ్యా, నేను కొన్న రీలు పుల్లటి వాసన కొడుతోంది."

"పులిసిందన్నమాట. ఫిల్ముకు అదొక జబ్బు. ఎక్కడ పెట్టావు?"

ఆమె రెండో డబ్బా వైపు చూసింది.

"మీ రీలు పక్కనే. ఒకే పెట్టెలో."

"అంటుకునే జబ్బు తల్లీ అది."

"నాకు తెలీదు మామయ్యా. భద్రంగా ఉంటుందని తాళం కూడా వేశాను."

"దొంగను లోపల పెట్టి తాళం వేశావు. సరే, నాదీ వాసన చూడు. నా ముక్కు మిషనులో కాలే కార్బన్ కడ్డీల పొగకు ఎప్పుడో చచ్చింది."

ఆమె మూత తీసింది. ఎప్పుడో ఊళ్ళో సినిమా షూటింగు జరిగిన రోజున జనంలో నిలబడిన అత్తగారు కనిపించే రీలు అది. పోయిన ఆ మనిషికి వేరే ఫొటో అంటూ లేదు.

"ఏమ్మా, వాసన ఉందా?"

బాగుందని ఒక్క మాట అంటే చాలు, ఆయన నమ్మేస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇదీ పులిసింది మామయ్యా. కొద్దిగానే."

ఆయన డబ్బాను తన దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే కిటికీలు మూసి తెర కట్టు. మిషనెక్కిస్తాను."

"ఇప్పుడా? తెగిపోతే?"

"తెగితే అతుకుతాను. ఇంకా ముదిరితే అతకడానికీ ఏం మిగలదు. మీ అత్తయ్యను నువ్వు చూడనే లేదు కదా. నాలుగు సెకన్లే ఉంటుంది. రెప్ప వెయ్యకు."