నా అర్జీ నాకిప్పించండి

ఏవండీ జిలానీ గారూ, ఆ ఫైలుకి అప్పుడే తాడు కట్టేస్తున్నారేంటండీ? కాస్త ఆగండి. తెల్లారకుండా బయల్దేరి, సగం దూరం దోనె మీదా సగం దూరం గట్టమ్మటా పడి, పంచె మోకాళ్ళ దాకా బురద చేసుకుని ఏలూరొచ్చింది మీ జిల్లా బోర్డు ఆఫీసు బల్లలు చూసి పోదామనా?

ఆయ్, నేనేనండి. కోదండరామయ్యని. కొల్లేట్లో లంక స్కూలు మేష్టర్ని. పెంటపాడుకి మార్చండి మహాప్రభో అని నెల కిందట అర్జీ పెట్టుకున్నది నేనే. మార్చారు, సంతోషం. మరి స్కూలే ఎత్తేస్తామంటారేంటండీ?

ఏంటీ, నా అర్జీయే చూపించారా పైవాళ్ళకి? రాశానండీ, కాదన్లేదు. ఈ లంక పిల్లలు ఒట్టి మొద్దులు, మూడేళ్ళయినా ఒక్కరికీ గుణింతం పట్టుబడలేదు, వీళ్ళకి బడి దండగ అని రాశాను. ఖర్చు తగ్గించుకోమని మద్రాసు నుంచి తాకీదులొస్తున్న రోజుల్లో అలా రాయకూడదన్న జ్ఞానం నాకుండద్దూ? ఇన్నేళ్ళ సర్వీసులో నేను రాసింది పైవాళ్ళు నమ్మడం ఇదే మొదలండి. అదీ నా ఖర్మ.

ఎందుకు రాశానంటారా? నేను పెంటపాడు చేలగట్ల మీద తిరిగినవాణ్ణి. నాకు ఈత రాదు. ఇక్కడేమో బస గట్టు మీద, బడి నీళ్ళ మధ్యన. తాటిమాను తొలిచిన దోనె ఎక్కితే చాలు, నాకు కళ్ళు తెరవాలంటే భయం. రెండో తరగతి పిల్ల, రత్నమని, అదే గెడ వేసి దోనె నడిపేది. కదలకండి మేష్టారూ, అటు ఒరక్కండి మేష్టారూ అని బడి దాకా నాకు పాఠం చెప్పేది. దిగాక నేను దానికి చెప్పేవాణ్ణి. నేను కుదురుగా కూర్చోడం నేర్చుకున్నాను గానీ, దానికి అక్షరం అంటలేదు.

బెత్తం వాడానండీ, దాచడమెందుకు. వేలు పట్టుకుని ఇసకలో దిద్దించాను. బతిమాలాను కూడా. చేపల రోజుల్లో పిల్లలు బడికే రారు, వస్తే నిద్ర. నా పాఠానికి నాకే నిద్రొచ్చేది, వాళ్ళనేం అనను?

మొన్న సోమవారం, పిల్లలకి లెక్కిచ్చి బోర్డు తుడుస్తున్నాను. వెనకాల ఎవరో చదువుతున్నారు, కూడబలుక్కుంటూ. తిరిగి చూద్దును గదా, రత్నం. నా బల్ల మీదున్న కాగితం పట్టుకుని నించుంది. ఏ కాగితం అనుకున్నారు? మీకు పంపిన అర్జీ తాలూకు చిత్తు.

చివరిదాకా చదివిందండీ. వత్తులతో సహా. మూడేళ్ళుగా దిద్దించింది ఎప్పుడు తలకెక్కిందో, నాకే తెలీలేదు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సిగ్గుతో చచ్చిపోవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి చేసే వయసు కాదు గదా, తుడుపుగుడ్డ పట్టుకుని అలా నించుండిపోయాను. ఆ గదిలో మొద్దెవరో అప్పటికి తెలిసొచ్చింది.

అంచేత, అర్జీ అబద్ధమని రాసిస్తానండి. సంతకం పెడతాను. పెంటపాడూ వద్దు, ఏమీ వద్దు, స్కూలుంచండి చాలు. ఉద్యోగం ఊడుతుందా? ఊడనివ్వండి. ఇంటికెళ్ళి మా ఆవిడకేం చెప్పాలో తర్వాత ఏడుస్తాను.

ఏంటండీ? చదివాక ఆ పిల్ల ఏమందనా? అది మీరు అడక్కపోతే బాగుండేది.

ఎవరండీ ఈ మొద్దులు, అని అడిగింది. మనం కాదులేవే, అవతలి లంక పిల్లలు, అన్నాను. నమ్మేసిందండీ. చెప్పింది మేష్టారు గదా.

కాగితం మడత పెట్టి నా చేతికిచ్చింది. ఇచ్చి,

"పాపం, వాళ్ళకి మేష్టారు లేరేమోనండీ" అంది.