నడుమల కప్పిన శాలువ

"అమ్మా, మన లైబ్రరీల మధ్యాహ్నం ముచ్చట్లు మళ్ల షురూ చేస్తున్నం. మొదటి బేస్తవారం సులోచనమ్మకు చిన్న సన్మానం పెడదామనుకుంటున్నం. మీరు సుత స్టేజీ మీద కూసోవాలె."

సన్మానమా? ఏందీ, మళ్లొక్కసారి చెప్పు. సన్మానమా?

కూసో. చాయ్ తాగు, సల్లారుతది. నా కోపం నీ మీద గాదు బిడ్డా, నువ్వు మొన్ననే నౌకరిల చేరినవ్ ఆ లైబ్రరీల, నీకేం ఎర్క. నీ మీద గాదు గని... జెర నీ మీద సుత ఉన్నది. ఆ సంచిలకెళ్లి మెరుస్తున్నదేంది? శాలువనేనా? అప్పుడే కొనుక్కొచ్చినవా? లోపలికి తొయ్యి తల్లీ, దాన్ని చూస్తె నాకు బీపీ లేస్తది. గాడ వంటింట్ల చూడు, మిక్సీ మీద ఒకటి కప్పి ఉన్నది, జరీ అంచుది. అది సులోచనకు కప్పిందే. దానికి గంతకంటె ఇజ్జత్ ఇయ్య నేను.

ఇగో, ఆమె ముంగటనే చెప్తున్న అంత. గా కిటికీ కాడ చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నదే, ఆమెనే సులోచన. మా పైన పోర్షన్ల ఉంటది, పొద్దంత మా ఇంట్లనే. నువ్వు నమస్తే పెడితె నవ్వింది గదా, గంతే, మాట రాదు. గొంతుల గడ్డ లేసింది, ఆపరేషన్ చేసిన్రు, స్వరపేటిక అంటరట, గదే తీసేసిన్రు. మెడకు గుడ్డ కట్టుకున్నది చూసినవా, గందుకే. చెవులు మాత్రం మంచిగ పని చేస్తయ్. నేను తప్పు చెప్పిన్నంటె బల్ల మీద కొడ్తది, చూస్తుండు.

వీళ్లది శ్రీకాకుళం దిక్కు. ఈమె ఆయనకు ఈడ బ్యాంకుల నౌకరి, పెండ్లైన కొత్తల సీతాఫల్‌మండికి వచ్చిన్రు. వచ్చిన కొత్తల ఆమె మాట నాకు సమజ్ కాకపోతుండె, నా మాట ఆమెకు కాకపోతుండె. నన్ను అప్పా అంటుండె. వాళ్ల దిక్కు అక్కను అప్ప అంటరట. నేను మొదట్ల పరేషానైన, ఈమెకు నేనేం అప్పు పడ్డ అని. ఇగ చూడు, నవ్వుతున్నది.

ఏం చెప్తున్న... ఆఁ, లైబ్రరీ. గా మధ్యాహ్నం ముచ్చట్లు షురూ చేసింది మా పెద్ద లైబ్రేరియన్ సారు. ఆయన పోయి చాన ఏండ్లాయె పాపం. లంచ్ టైముల పెట్టిండు. లంచ్‌లనే ఎందుకు పెట్టిండు? అరె, సాయంత్రం మీటింగులకు ఎవలొస్తరు చెప్పు? రిటైరైన మొగోళ్లు. మాకు సాయంత్రమంటె ఏందీ, కుక్కర్ పెట్టుడు, పిల్లల హోంవర్కు, అత్తకు గోలీలు. మాతోని మోండా మార్కెట్ల గాజుల దుకాణపామె ఒకామె వస్తుండె, ఆమెకు సాయంత్రమే గిరాకి. మా అసొంటోళ్లకు మా కోసమని దొరికేది గా మధ్యాహ్నం గంటనే. నేను రైల్వే ఆఫీసుల క్లర్కును అప్పట్ల, బాక్సు చేత పట్టుకొని ఉరుకుతుంటి. మా ఆయన ఎగతాళి చేసేటోడు, నీకు భక్తి లేదు గని బేస్తవారం వస్తె సాయిబాబ గుడికి పోయినట్టు లైబ్రరీకి పోతవని.

స్టేజీ లేదు, మైకు లేదు. పేపర్లు చదివే పెద్ద టేబుల్ చుట్టు కూసుంటుంటిమి. మేం తినుకుంట వింటం, మాట్లాడెటోళ్లు తినొద్దు. ముచ్చట అయినంక తలా ఒక చెంచ మా బాక్సులకెళ్లి వాళ్ల ప్లేట్ల పడాలె. గదే సన్మానం. ఒకలు గోంగూర, ఒకలు టమాట పప్పు, ఒకలు సర్వపిండి ముక్క, ఎవలింట్ల ఏముంటె గది. ఎంత పేరున్న రచయితన్న గాని, గా ప్లేటు ముంగట కూసుంటె మా ఇంటి మనిషే. బొగ్గింజన్లు నడిపిన డ్రైవరొకాయన వచ్చి ఆ ముచ్చట చెప్పిండు. ఒకామె మన లష్కర్ల బోనాలు ఎట్ల షురూ అయినయో చెప్తుంటె లేవబుద్ధి కాక, మా సెక్షన్ల సగం మందిమి లేటుగ పోయి తిట్లు తిన్నం. టికెట్ లేదు, చందా లేదు. బయటికొచ్చి ఇరానీ హోటల్ల ఆఠాణ చాయ్... ఆఠాణ అంటె నీకు తెల్వది, అర్ధ రూపాయి.

సులోచనను నేనే తోల్కపోయిన. మొదట్ల మూలకు కూసుండేది, నోరు తెరిచేది కాదు. పదేండ్లో ఎన్నేండ్లో వట్టిగ వినుడే. అవునా? చూడు, తల ఊపుతున్నది. పిల్లల పెండ్లిళ్లయినంక రాసుడు షురూ చేసింది. తమాషాకు రాస్తుందేమో అనుకున్న, పుస్తకమే అచ్చయింది. ఒకటే పుస్తకం, అన్ని వాళ్ల ఊరి కథలే, వాళ్ల ఊరి మాటలనే. అండ్ల వాళ్ల మామ్మ కథ ఒకటున్నది. జీడితోటల జీడిపిక్కలు కొట్టి కొట్టి చేతులన్ని నల్లగైన ముసలామె. చీకటి పడంగ మనుమరాలు తోటల తప్పిపోతది. మామ్మ గట్టెక్కి కేకేస్తది. గా కేక కాయితం మీద ఏముంటది బిడ్డా, నాలుగు అక్షరాలు. గది సులోచన నోట్ల వినాలె. ఒకసారి గీ వంటింట్లనే, నేను పప్పు తాలింపు పెడ్తుంటె కథ చెప్పి, కేకేసింది చూడు, చేతుల గంటె అట్లనే పట్టుకొని ఏడ్చిన నేను.

పుస్తకం వచ్చిన కొన్ని దినాలకే గొంతు బొంగురుపోవుడు షురూ. దవాఖాన, పరీక్షలు, ఆ తక్లీఫ్ అంత ఇప్పుడెందుకు గని. ఆపరేషన్ చెయ్యాల్సిందే, మాట మాత్రం మళ్ల రాదని డాక్టర్ సాఫ్ సాఫ్‌గ చెప్పేసిండు. అదే వారం లైబ్రరీల ఆమె ముచ్చట. సోమవారం ఆపరేషన్, దానికి ముంగటి బేస్తవారం ముచ్చట. వద్దులేవే, గొంతుకు రెస్ట్ ఇయ్యి అన్న నేను. అప్పుడేమన్నదో నాకు గిప్పటికి చెవులల్ల ఉన్నది.

"గొంతు పోతే పోనీ అప్పా. ఆ కత ఒకపాలి నా నోటితో మనుసుల ముందర సదివీసి ఎల్తాను."

ఎవ్వరికి చెప్పొద్దని నా చేత ఒట్టు ఏయించుకున్నది. జాలిపడి వినేటోళ్లు తనకు అక్కర్లేదంట. మంచిదే, చెప్పలే నేను.

అప్పటికే పెద్ద సారు లేడు. కమిటీకి సెక్రెటరి అని ఒకాయన వచ్చిండు. పేరు చెప్ప, నోరు ఖరాబైతది. ఈ బాక్సులేంది, గీ టేబుల్ చుట్టు కూసునుడేంది, లైబ్రరీకి ఒక హుందాతనం ఉండాలె గదా అని ఎప్పుడు గదే మాట. గా బేస్తవారం మేం పోయేసరికి టేబుల్ ఎత్తేసిన్రు. గోడకు బ్యానర్, ముంగట స్టేజీ, స్టేజీ మీద సోఫాలు. సోఫాలు బిడ్డా, కిరాయికి తెచ్చిన్రు. సులోచనను చివరి కుర్చీల కూసోబెట్టిన్రు. సోఫాల గాదు, కుర్చీల.

ఇగ ముఖ్య అతిథి రావాలె. ఎవడో లీడరు. వస్తున్నడు వస్తున్నడు, మారేడ్‌పల్లి దాటిండు అంటున్నరు. మా గంట ఆడనే కరిగిపోతున్నది. వచ్చిండు. దీపం పెట్టాలె, ఫ్యాన్ గాలికి అగ్గిపుల్ల ఆరిపోతున్నది, ఫ్యాన్లు బంద్ చేసిన్రు. ప్రార్థన. స్వాగతం. అధ్యక్షుడు మాట్లాడిండు. బ్యానర్ కొట్టినాయనకు శాలువ, పూలు తెచ్చినాయనకు శాలువ, ఒకలకొకలు కప్పుకుంటనే ఉన్నరు. లీడరు మైకు పట్టిండు. సమయాభావం వల్ల పుస్తకం చదవలేకపోయాను కాని చాలా గొప్ప పుస్తకం అన్నడు. చదవకుంటనే గొప్పదని ఎట్ల తెలిసిందిర నీకు? అమ్మభాష మీద అరగంట దంచిండు. గాడ కూసున్నామె నోట్ల అమ్మభాష ఇంకొక్క నాలుగు రోజులే ఉంటదని ఒక్కడికి తెల్వది.

తెల్వదు గదా, వాళ్ల తప్పేముంది అంటవా? నీ మొఖం జూస్తె గట్లనే ఉన్నది. తెల్వకుంటె ఏమాయె? ఆమె మాట వినాలనే గదా పిలిచిన్రు. మాట పోయేటోళ్లయితేనే విందురా, ఉన్నోళ్లయితె వినరా?

నేను లేచిన. నాకు స్టేజీ భయం లేదు. అందరి ముంగటనే అన్న, సార్, టైమైపోతున్నది, సులోచనను మాట్లాడనియ్యిన్రి అని. సెక్రెటరి నవ్వుకుంట మైకులనే అన్నడు.

"అమ్మా, రచయిత్రి స్పందన చివరన ఉంటుంది. దయచేసి కూర్చోండి."

స్పందన అంట. ఆమె పుస్తకం, ఆమె ముచ్చట, ఆమె గంట, ఆమెకు మిగిలింది స్పందన. వీళ్లు ముంగట మాట్లాడుతరంట, దానికి ఆమె స్పందించాల్నంట.

టైము రెండు దగ్గరికొచ్చింది. ఇగ బాక్సుల మూతలు పెడ్తున్న సప్పుడు. ఒకలెనక ఒకలు లేస్తున్నరు. వాళ్లనేమనను బిడ్డా, ఆఫీసుల రిజిస్టర్ ఉంటది, దుకాణం మళ్ల తెరవాల్సి ఉంటది. గాజుల దుకాణపామె పోయేటప్పుడు సులోచన దిక్కు చూసి చేతులు జోడించింది. సగం హాలు ఖాళీ అయినంక మైకు సులోచన చేతికిచ్చిన్రు, రెండే రెండు ముక్కలు అని.

నిలబడ్డది. గొంతు బొంగురుగ ఉన్నది గని చదువుతుంటె పోయేటోళ్లు సుత వాకిట్ల ఆగిన్రు. నేరుగ మామ్మ కాడికే పోయింది. తోట, చీకటి, పిల్ల కనవడ్తలేదు, మామ్మ గట్టెక్కింది, రెండు చేతులు నోటి కాడ పెట్టుకున్నది. సులోచన సుత పుస్తకం పక్కకు పెట్టి, రెండు చేతులు నోటి కాడ పెట్టుకొని ఊపిరి తీసింది.

గప్పుడే ఎనకకెళ్లి శాలువ పడ్డది. లీడరుకు టైమైందంట, ఇంకో మీటింగున్నదంట, పోయే ముంగట రచయిత్రికి సన్మానం చేసి పోతడంట. ఆమె భుజాల మీద కప్పి, గా ఎత్తిన చేతులు రెండు పట్టి కిందికి దించి, ఫొటో దిక్కు తిప్పిండు. చప్పట్లు. సెక్రెటరి వందన సమర్పణ షురూ చేసేసిండు.

కేక అట్లనే గొంతుల ఉండిపోయింది. సోమవారం దాన్ని కోసేసిన్రు.

నేను ఆ సెక్రెటరిని ఏం తిట్టిన్నో నీ ముంగట చెప్పకూడదు, చిన్నపిల్లవు. ఇప్పటికి దొరికితె ఇంకిన్ని తిడ్త. సులోచన నా చెయ్యి పట్టి బయటికి గుంజుకొచ్చింది. ఆటోల కూసున్నంక "ఒగ్గీ అప్పా" అన్నది. ఒగ్గేయుడు అంటె విడిచిపెట్టుడు. ఇంట్లనన్న చదువు, ఫోన్ల రికార్డు చేస్త అన్న. నువ్వు సుత గదే అడుగుదామనుకుంటున్నవ్ గదా? వద్దన్నది. డబ్బాకు చెప్పదంట, మనుషులకే చెప్తదంట. మొండిది. తల ఊపకే, మొండిదానివే నువ్వు.

తర్వాత ఏమాయె? మీటింగులు సాయంత్రానికి జరిపిన్రు, స్టేజీ పెరిగింది, మనుషులు తగ్గిన్రు. శాలువలు కప్పుకునేటోళ్లే వస్తుండిరి. అటెన్క బందైంది. ఇన్నేండ్లకు నువ్వొచ్చి, మంచి పిల్లవే, మధ్యాహ్నమే పెడ్త అంటున్నవ్, పెద్ద సారు పెట్టినట్టు. సంబురమే నాకు. గని మొదలే సన్మానం అంటవ్. ఆమెకు కావాల్సింది సన్మానం గాదు. ఆమె గంట ఆమెకియ్యిన్రి, అంతే.

ఏమే, చిక్కుడుకాయ పెట్టి ఎక్కడికి లేస్తున్నవ్? బీరువ కాడికి... ఆ, పుస్తకం తెస్తున్నది. చూడు బిడ్డా, ఏలు పెట్టి చూపిస్తున్నది. గీ లైను కాడనే ఆగింది. చేతులెందుకట్ల నోటి కాడ పెట్టుకుంటున్నవే? నేనా? నేను కేకెయ్యాల్నా?

ఓలమ్మీ... ఎక్కడున్నావే... సీకటడిపోతంది, వొచ్చీయే...

చూసినవా, బల్ల కొట్టింది. తప్పంట. లష్కర్ల పెరిగిన గొంతు ఇది, శ్రీకాకుళం కేక ఎట్లొస్తదే దీనికి. మళ్లనా? పొడుగు తియ్యాల్నా? ఓలమ్మీఈ...

కొడ్తలేదు ఈసారి. ఆగు బిడ్డా, కండ్లు తుడుసుకోనియ్యి.

ఇను. బేస్తవారం గా పాత టేబుల్ ఏసి పెట్టు. మాట్లాడెటోళ్ల కుర్చీల సులోచన కూసుంటది, పక్కకు కూసోని నేను చదువుత, తప్పైతె ఆమె టేబుల్ కొడ్తది, మళ్ల చదువుత. గంట మొత్తం ఆమెదే. ఆమె కంటె ముంగట ఎవ్వరు మాట్లాడొద్దు, నువ్వు సుత. ఆఖరికి ప్లేటు ఆమె ముంగట పెట్టు. గాజుల దుకాణపామెకు నేను కబురు పెడ్త. మనుషులకు చెప్త అన్నది గదా, మనుషులను నువ్వు పిలువు. ఆమె ఒగ్గీ అన్నది గని, నేను ఒగ్గ.

ఆ శాలువ దుకాణంల వాపస్ ఇచ్చెయ్. నీ బాక్సు మర్చిపోకు, అందరు చెంచ పెట్టాలె.

పో బిడ్డా, సల్లగుండు. నువ్వు సుత ఎప్పుడన్న నిలబడి ఒక మాట చెప్తవ్ గదా నలుగుర్ల... ఆ మాట చివరిదాక చెప్పేటట్టు ఉండాలె నీకు. నడుమల ఎవ్వడు చప్పట్లు కొట్టొద్దు.